సీరం రాస్తున్నా మొహం ఎందుకు బిగుసుకుంటోంది?

ఇదివరకు మా క్లినిక్‌కి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోగానే జబ్బు చెప్పేవాళ్లు. ఇప్పుడు సంచి తీస్తున్నారు. మొన్న ఒకమ్మాయి బల్ల మీద వరసగా పదకొండు సీసాలు పెట్టింది. చుక్కలుగా మొహానికి రాసుకునే సీరాలే ఏడు, అందులో మూడింట్లో ఉన్న సరుకు ఒకటే, పేర్లు మాత్రం వేరు. ఈ నెల ఉత్తరాలు కూడా ఇంచుమించు ఆ సంచిలోవే. ఒకే రకం ప్రశ్నలు చాలా వచ్చాయి కాబట్టి పోలిక ఉన్నవాటికి ఒకచోటే జవాబు చెప్పేశాను, ఏమీ అనుకోవద్దు.

ప్ర: నాకు 31 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా ఏసీలోనే. రెండు నెలలుగా హైలురోనిక్ యాసిడ్ సీరం వాడుతున్నాను. రాసిన పావుగంట బాగానే ఉంటుంది, ఆ తర్వాత మొహానికి పిండి పట్టించి ఆరబెట్టినట్టు బిగుసుకుపోతోంది. నా చర్మానికి పడలేదా డాక్టర్ గారూ?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జ: పడకపోవడం ఏమీ లేదమ్మా. తొట్టి నింపారు, మూత పెట్టడం మర్చిపోయారు.

హైలురోనిక్ యాసిడ్ పేరులో యాసిడ్ ఉంది గానీ అది మండేది కాదు, ఒక రకం జిగురు. 1934లో అమెరికాలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవు కంటిగుడ్డులోని జెల్లీ నుంచి దీన్ని మొదట వేరుచేశారు. గాజులా ఉందని, గ్రీకులో గాజుకి ఉన్న మాట కలిపి పేరు పెట్టారు. మన చర్మంలో, కీళ్లలో ఇది మామూలుగానే ఉంటుంది. ఇప్పుడు సీసాల్లోకి వచ్చేది ఎక్కువగా బ్యాక్టీరియాతో పులియబెట్టి తీసేది, కాబట్టి శాకాహారులు కంగారు పడక్కర్లేదు (ఈ ప్రశ్న కూడా ఒకరు అడిగారు). దీని పనల్లా చుట్టుపక్కల తడి ఎక్కడుంటే అక్కడినుంచి లాక్కుని పట్టుకోవడం. బరువుకి వెయ్యి రెట్లు నీళ్లు పట్టుకుంటుందని పెట్టె మీద రాస్తారు, సరే, పట్టుకోవడానికి ముందు నీళ్లంటూ ఉండాలి కదా.

మనది కృష్ణ ఒడ్డున ఊరు, బయట గాలిలో చెమ్మకి లోటు లేదు. కానీ మీరు ఆ గాలిలో ఉండేది స్కూటీ మీద ఆఫీసుకి వెళ్లే అరగంట. మిగతా తొమ్మిది గంటలు ఏసీ. ఏసీ అంటే గదిలోని చెమ్మని పిండి బయట పైపులోంచి చుక్కలుగా వదిలేసే యంత్రం, కావాలంటే ఒక రాత్రి ఆ పైపు కింద బకెట్టు పెట్టి చూడండి, పొద్దున్నకి మొక్కలకి పోసేటన్ని నీళ్లు ఉంటాయి. అలాంటి గదిలో పొడి మొహానికి సీరం రాసి వదిలేస్తే, దానికి పైన దొరికేది లేక లోపలి పొరల్లో ఉన్న తడిని లాగుతుంది, ఆ తడి కాస్తా ఆవిరైపోతుంది. మీకు బిగుసుకున్నట్టు అనిపించేది అదే.

కాబట్టి సీరం మార్చొద్దు, రాసే తీరు మార్చండి. మొహం కడుక్కుని తువ్వాలుతో గట్టిగా తుడవకుండా అద్ది వదిలేయండి, చెంపలు ఇంకా తడిగా ఉండగానే రెండు మూడు చుక్కలు రాసి, ఆరిపోకముందే పైన మాయిశ్చరైజర్ (తడి బయటికి పోకుండా ఆపే క్రీమ్) వేయండి. ఆ మాయిశ్చరైజర్ కొనేటప్పుడు ముందువైపు బొమ్మ చూడకుండా డబ్బా వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవండి. ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు వస్తుంది. మొదటి ఐదారు పేర్లలో గ్లిజరిన్ ఉండాలి, ఆ కిందెక్కడో సెరమైడ్ అనే మాట కనిపిస్తే ఇంకా మంచిది. చర్మం పై పొరని గోడ అనుకుంటే చచ్చిన కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు సిమెంటు, ఆ సిమెంటులో దాదాపు సగం సెరమైడ్లే. ఘాటు సబ్బులు, వేడినీళ్లు, వయసు కలిసి ఆ సిమెంటుని రాలగొడతాయి. ఓటికుండలో ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభం చెప్పండి, ముందు కుండకి మాటు వేయాలి.

గ్లిజరిన్ గురించి ఒక మాట. 1779లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త ఆలివ్ నూనె నుంచి తీశాడు దాన్ని, అంటే మన సీరాలన్నిటికంటే తాతమ్మ. మందుల షాపులో చవగ్గా దొరుకుతుంది కాబట్టి ఎవరికీ లెక్కలేదు. మా అమ్మ సంక్రాంతి నెలంతా ఒక చిన్న సీసాలో గ్లిజరిన్, పన్నీరు కలిపి అల్మరాలో ఉంచేది, బడికి వెళ్లేముందు మా మోచేతులకి, పెదాలకి రాసేది, దుమ్మంతా అంటుకుంటోందని మేము గొడవ చేసేవాళ్లం. జిగట తప్ప దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అయితే నీళ్లు కలపకుండా నేరుగా రాయకండి, చుర్రుమంటుంది.

మీరు ఏ సబ్బుతో మొహం కడుగుతారో రాయలేదు. మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత) 9, 10 దాకా ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. దానికి తోడు మన అపార్టుమెంట్ల బోరు నీళ్లు, నురగ కూడా సరిగా రాదు, సబ్బు తెట్టు చర్మం మీదే ఉండిపోతుంది. సబ్బు లేని క్లెన్సర్ ఏదైనా వాడి, రోజుకి రెండుసార్లకి మించి కడగకండి. సీరం కంటే ముందు ఈ ఒక్కటి మార్చినా తేడా తెలుస్తుంది.

ప్ర: రోజుకి ఐదు లీటర్ల నీళ్లు తాగితే చర్మం మెరుస్తుందంటున్నారు, నిజమేనా?
– సత్యనారాయణపురం

జ: బాత్రూమ్‌కి ఎక్కువసార్లు వెళ్తారు. దాహానికి తగ్గట్టు తాగండి, మేలో ఇంకాస్త ఎక్కువ తాగండి. తాగిన నీళ్లు ముందు రక్తానికి, కిడ్నీలకి వెళ్తాయి, చెంపల దాకా రమ్మని వాటికి మనం చెప్పలేం. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఇలా లీటర్ల లెక్క పెట్టుకుని తాగడం ప్రమాదం కూడా.

ప్ర: మేము మిర్చి యార్డు పక్కన పనికి వెళ్తాం, కాయల తొడిమలు తీసే పని. ఇంటికొచ్చాక చేతులు భగభగమంటాయి. నాలుగైదుసార్లు సబ్బేసి వేడినీళ్లతో కడుగుతాను, మంట ఇంకా ఎక్కువవుతోంది. తోలు గరుకుగా అయిపోయి వేళ్ల కణుపుల దగ్గర పగిలింది. మా పిన్ని కూతురు ఉత్తరం రాసి పెడుతోంది.
– గుంటూరు

జ: అమ్మా, మీరు చేసేదంతా తిరగబడి చేస్తున్నారు, తప్పు మీది కాదు, ఎవరూ చెప్పి ఉండరు. మిర్చి ఘాటు పేరు క్యాప్సైసిన్, అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకని ఇంటికి రాగానే నీళ్ల దగ్గరికి వెళ్లకండి. వంటనూనె రెండు చెంచాలు అరచేతిలో పోసుకుని వేళ్ల సందులు, గోళ్ల కింద బాగా రుద్దండి, పాత గుడ్డతో తుడిచేయండి. ఇంకోసారి నూనె, ఇంకోసారి గుడ్డ. అప్పుడు సబ్బు, అదీ చల్లటి నీళ్లతో. ఆ గుడ్డ మళ్లీ మొహానికో పిల్లలకో వాడేరు, జాగ్రత్త.

వేడినీళ్లకి మంట పెరగడానికి కారణం ఉంది. వేడి తగిలితే మెదడుకి చెప్పే నరాల చివర్లనే ఈ ఘాటు కూడా తట్టి లేపుతుంది, దాంతో గోరువెచ్చటి నీళ్లు కూడా కాగే నీళ్లలా అనిపిస్తాయి. ఈ సంగతి మిర్చి ఘాటుతోనే కనిపెట్టిన డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది (ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిపి ఇచ్చారు). మన గుంటూరు చేతులకి ఎప్పుడో తెలిసిన మంటే, ఎందుకో తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇక పగుళ్లు. అవి ఘాటుకంటే కూడా సబ్బు వల్ల, పదేపదే కడగడం వల్ల వచ్చినవి. మీకు సీరాలు అక్కర్లేదు. రాత్రి పడుకునేముందు చేతులు తడిపి, తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ మందంగా రాసుకుని, పాత నూలు సాక్సులు చేతులకి తొడుక్కుని పడుకోండి. నవ్వుతారు ఇంట్లో, నవ్వనివ్వండి. లోపలి తడి బయటికి పోకుండా ఆపడంలో ఈ జెల్లీకి సాటి వచ్చే క్రీమ్ లేదు, ఎంత డబ్బు పెట్టినా. అమెరికాలో చమురు బావుల దగ్గర గొట్టాలకి పట్టే మడ్డిని శుభ్రంచేసి చీస్‌బ్రో అనే ఆయన 1872లో పేటెంట్ తీసుకున్న సరుకు ఇది. పగుళ్లు మానాక, తోలు గరుకు పోవడానికి పది శాతం యూరియా ఉన్న క్రీమ్ రాయండి. యూరియా అనగానే పొలంలో చల్లేదా అని అడుగుతారు మా దగ్గర, పేరు అదే, కానీ క్రీమ్‌లోది శుద్ధి చేసినది, మన చర్మంలో కూడా సహజంగా ఉండేదే. పగులు తెరుచుకుని ఉండగా మాత్రం వద్దు, మండుతుంది.

పనిలో పల్చటి ప్లాస్టిక్ తొడుగులు పది నిమిషాల్లో చిరుగుతాయి. నైట్రైల్ గ్లోవ్స్ అని నీలం రంగువి దొరుకుతాయి, అవి నయం. పని ఇచ్చేవాళ్లని గట్టిగా అడగండి, పదిమంది కలిసి అడిగితే ఇస్తారు.

ప్ర: నాకు 54. మా కోడలు అమెరికా నుంచి రెటినాల్ క్రీమ్ పంపింది, ముడతలకి మంచిదని. రోజూ రాత్రి రాశాను. నాలుగో రోజుకి మూతి చుట్టూ పొట్టు లేచి మంట. మానేశాను. "అది అలాగే ఉంటుంది అత్తయ్యా, ఆపకండి" అంటోంది కోడలు. ఎవరిది రైటు?
– బ్రాడీపేట, గుంటూరు

జ: మందు మంచిదనడంలో కోడలు రైటు, ఆపేయడంలో మీరు రైటు. ఎలా మొదలుపెట్టాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు, గొడవంతా అక్కడే.

పైన చెప్పినవన్నీ తడిని కాపాడేవి. రెటినాల్ వేరే జాతి. అది విటమిన్ ఎ కుటుంబం, చర్మంలోకి వెళ్లి రెండు మెట్లు మారి రెటినోయిక్ యాసిడ్ అవుతుంది, అప్పుడే పని మొదలవుతుంది. కొత్త కణాలు తొందరగా పైకి వస్తాయి, లోపల చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొలాజెన్ తయారీ పెరుగుతుంది. ఆ రెటినోయిక్ యాసిడ్‌నే ట్రెటినాయిన్ అంటాం, అమెరికాలో 1971లో మొటిమల మందుగా అనుమతి వచ్చింది. మొటిమలకని వాడిన నడివయసు ఆడవాళ్లు, మొటిమలతోపాటు సన్న గీతలు కూడా తగ్గాయని చెప్పబట్టే డాక్టర్ల చూపు ముడతల మీదికి మళ్లింది. వయసు మీద పడిన చర్మానికి రుజువున్న మందు ఏదంటే నేను మొదట చెప్పేది దీని పేరే. అందుకే దాన్ని కొత్త ఆవకాయ తిన్నట్టు తినకూడదు.

ఇప్పుడు రెండు వారాలు ఏమీ రాయకండి, ఒట్టి మాయిశ్చరైజర్ తప్ప. మంట పూర్తిగా పోయాక వారానికి రెండే రాత్రులు, సోమ గురువారాలు అనుకోండి. మొహం కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, హైలురోనిక్‌కి తడి కావాలి, దీనికి తడి పనికిరాదు. ముందు మాయిశ్చరైజర్, దాని మీద బఠాణీ గింజంత రెటినాల్ మొహమంతటికీ, మళ్లీ పైన మాయిశ్చరైజర్. ముక్కు పక్కలు, పెదాల మూలలు, కంటి కొసలు వదిలేయండి, మీకు ఊడింది అక్కడే. నెల గడిచాక చర్మం ఊరుకుంటే వారానికి మూడు. మూడు నెలల లోపు అద్దంలో ఏమీ వెతకొద్దు.

ఇంత కష్టం వద్దనుకుంటే నియాసినమైడ్ నాలుగైదు శాతం ఉన్నది వాడండి, విటమిన్ బి3 అది, నెమ్మదిగా పనిచేస్తుంది, మచ్చలకీ మంచిది. పది శాతం, పదిహేను శాతం అని వస్తున్నాయి, అంత ఎక్కువ అక్కర్లేదు, కొందరికి ఎర్రబడుతుంది కూడా.

రెటినాల్ రాత్రి రాసి పగలు సన్‌స్క్రీన్ రాయకపోతే మాత్రం అటు కట్టి ఇటు కూల్చడమే. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 చాలు, మండించే కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతానికి రెట్టింపు డబ్బు పెట్టేవాళ్లు, తీరా రాసేటప్పుడు మాత్రం పిసినారితనం చేసి చిటికెడు రాస్తారు. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా పిండుకుంటే అది మొహానికీ మెడకీ ఒకసారికి. ఎండలో తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ. ముడతలు తెచ్చే యూవీఏ కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి, గుంటూరు–విజయవాడ రోజూ బస్సులో తిరిగేవాళ్లు కిటికీ వైపు చెంప, ఇటువైపు చెంప పోల్చి చూసుకోండి.

ఇంకో మాట, ఇది మీ కోడలికి. పిల్లల కోసం చూస్తున్నా, కడుపుతో ఉన్నా రెటినాల్ తను కూడా ముట్టుకోకూడదు. ఫోన్ చేసినప్పుడు చెప్పండి.

ప్ర: విటమిన్ సి సీరం కొని మూడు నెలలైంది. నీళ్లలా ఉన్నది ఇప్పుడు టీ డికాక్షన్ రంగుకి వచ్చింది. వాడొచ్చా? ఇంత ఖర్చెందుకు, నిమ్మకాయ రుద్దుకుంటే అదే విటమిన్ సి కదా అంటారు మా వారు.
– భవానీపురం, విజయవాడ

జ: పారేయండి. గాలి, వెలుతురు, వేడి తగిలి చెడిపోయింది. కోసిన ఆపిల్ ముక్క నల్లబడినట్టే. మన ఊళ్లో మే నెలలో పడమటి గదిలో డ్రెస్సింగ్ టేబుల్ మీద పెడితే ఏ సీరమైనా అంతే. ఈసారి చిన్న సీసా, ముదురు రంగుది కొని ఫ్రిజ్ తలుపులో పెట్టండి, పది నుంచి ఇరవై శాతం మధ్యలో ఉన్నది చాలు. లేత పసుపు రంగు వరకూ పర్వాలేదు, డికాక్షన్ దాకా రానివ్వకండి.

మీ వారికి చెప్పండి, నిమ్మరసంలో విటమిన్ సి చాలా తక్కువ, సిట్రిక్ యాసిడ్ ఎక్కువ. అది రాసుకుని ఎండలోకి వెళ్తే తొక్కలో, రసంలో ఉండే కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలొచ్చి తర్వాత నల్లటి చారలు నెలల తరబడి ఉంటాయి. ఎండాకాలంలో షోడాబండి దగ్గర నిమ్మకాయలు పిండే అబ్బాయి వేళ్లు ఒకసారి చూడమనండి.

ప్ర: మా అత్తగారు సున్నిపిండి, పెరుగు, కలబంద తప్ప ఏదీ ముట్టనివ్వరు. ఆవిడకి 70, చర్మం బాగుంటుంది. నాకేమో ఇవన్నీ రాస్తే ఇంకా పొడిబారుతోంది.
– మంగళగిరి

జ: ఆవిడ సున్నిపిండికి ముందు ఏం చేస్తారో చూశారా? ఒళ్లంతా నువ్వులనూనె పట్టించుకుంటారు. ఆ నూనె జిడ్డు తియ్యడానికి వచ్చింది పిండి. మీరు నూనె మానేసి పిండి మాత్రం పట్టుకున్నారు, ఉన్న కాస్త కొవ్వునీ అది పీల్చేస్తోంది. మొహానికి గరుకు పిండి రుద్దకండి, ఒంటికైతే నూనెతోనే వాడండి. పెరుగులో లాక్టిక్ యాసిడ్ ఉంది, క్రీముల్లోనూ అదే వేస్తారు, కాకపోతే పెరుగులో ఎంతుందో, ఎంత పులిసిందో లెక్క ఉండదు, చల్లగా హాయిగా ఉంటుంది, అంతవరకే. కలబంద తాజాగా కోస్తే ముందు పసుపు రంగు పాలు కారతాయి, అవి పూర్తిగా కారిపోయాక కడిగి లోపలి గుజ్జు మాత్రమే రాయండి, ఆ పాలు దురద పెడతాయి. గుజ్జు ఆరిపోయాక పైన మాయిశ్చరైజర్ రాయండి. అత్తగారికి చెప్పక్కర్లేదు.

ప్ర: అమ్మాయి పెళ్లి రెండు నెలల్లో ఉంది. తెలిసిన పార్లర్‌లో పేరు లేని తెల్ల డబ్బాలో క్రీమ్ ఇచ్చారు. పది రోజుల్లో మొహం నున్నగా తెల్లగా అయింది, అందరూ మెచ్చుకున్నారు. రెండు రోజులు ఆపితే కందిపోయి, గుల్లలొచ్చి, మంట అని ఏడ్చింది. మళ్లీ రాస్తే తగ్గింది. ఇలాగే కొనసాగించమంటారా?
– ఒక తల్లి, కొత్తపేట, గుంటూరు

జ: వద్దమ్మా. రాస్తే తగ్గి, ఆపితే తిరగబడుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉందని నూటికి తొంభై పాళ్లు అనుమానించాలి. స్టెరాయిడ్ చెడ్డ మందేం కాదు, గజ్జికీ తామరకీ తేడా తెలిసిన డాక్టరు ఇన్ని రోజులని లెక్కపెట్టి రాసే మందు. మొహానికి నెలల తరబడి రాస్తే తోలు పల్చబడి కింద రక్తనాళాలు ఎర్రటి దారాల్లా కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఇలాంటి క్రీములు చిల్లరగా అమ్ముడవుతున్నాయనే 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పేరు లేని డబ్బాకి ఏ షెడ్యూలూ ఉండదు కదా. కొన్ని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా దొరికింది, అది కిడ్నీల దాకా పోతుంది.

డబ్బా పారేయకండి, అది తీసుకుని అమ్మాయితో సహా ఈ వారమే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లండి. సొంతంగా ఒక్కసారిగా ఆపితే మళ్లీ ఎగదన్నుతుంది, ఎలా తగ్గించాలో వాళ్లు చెప్తారు. రెండు నెలల్లో పూర్తిగా తగ్గుతుందని నేను మాటివ్వలేను. పెళ్లినాటికి కొంచెం ఎరుపు మిగిలితే మేకప్ అమ్మాయి చూసుకుంటుంది, పీటల మీద పసుపు నీళ్లు, తలంబ్రాల మధ్య ఎవరూ అంత దగ్గరగా చూడరు. ముందు ఆ మెచ్చుకున్న చుట్టాల మాట వినడం మానండి.

ప్ర: కొలాజెన్ క్రీమ్ నాలుగువేలు. కొనమంటారా?
– గవర్నర్‌పేట

జ: వద్దు. కొలాజెన్ అణువు చాలా పెద్దది, చర్మం పొరలు దాటి లోపలికి పోదు. పైన కూర్చుని కాస్త తడి పట్టుకుంటుంది, ఆ పని గ్లిజరిన్ కూడా చేస్తుంది.

ప్ర: నాన్నగారికి 68, షుగరు ఉంది. మడమలు లోతుగా పగిలాయి. ఏ క్రీమ్ రాయాలో చెప్తారా? ఫోటో జతచేశాను.
– అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జ: షుగరు లేనివాళ్లకైతే నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, ఇరవై శాతం యూరియా క్రీమ్ రాసి సాక్సులు వేసుకోమని ఇక్కడితో వదిలేసేదాన్ని. షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, పగులులో చీము పట్టినా తెలియదు, వేడినీళ్లలో పెడితే కాలినా తెలియదు. కాబట్టి నానబెట్టడాలు, రాయితో గీకడాలు వద్దు. ఈలోపు రాత్రిళ్లు పెట్రోలియం జెల్లీ రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు, తడి నిలిస్తే అక్కడ ఫంగస్ పడుతుంది. మీ ఫోటోలో ఎడమ మడమ పగులు చుట్టూ ఎర్రగా ఉంది, వాపో నీడో తెలియడం లేదు. ఫోటోలు ఇంకా పంపకండి, ఆయన్ని రేపే దగ్గర్లోని డాక్టరుకి చూపించండి.